గోమేదికము: మన నేలలోని ఎఱ్ఱరాయి



కొంతకాలము క్రిందట ఒకనాటి యుదయమున, గూడూరునకు పడమటనున్న యొక మెట్టపల్లెనుండి వృద్ధుడైన రైతొకరు మా యింటికి దయచేసిరి. ఆయన పైపంచె కొంగున సోలెడు రాళ్లు మూటగట్టి తెచ్చి, అరుగుమీద విప్పి పోసిరి. అన్నియు ఎఱ్ఱనివే. కొన్ని కందిగింజలంత, కొన్ని కుంకుడుకాయలంత, ఒకటి రెండు నిమ్మకాయలంత యుండెను. పొలములో బావి త్రవ్వించుచుండగా మూడు నిలువుల లోతున, కాకిబంగారము మెఱయు రాతిపొఱలో అవి కుప్పలుగా దొరకినవట.

"బాబూ, ఇవి రతనాలంటున్నారు. మా మనమరాలి పెండ్లి వీటితో గట్టెక్కుతుందా, చెప్పు" అని ఆయన యడిగిరి. పిమ్మట తన కుడిచేతి వ్రేలినున్న వెండి యుంగరమును చూపిరి. అందొక తేనెరంగు రాయి పొదిగియున్నది. రాహుదశకని, నాలుగేండ్ల క్రిందట ఊరికి వచ్చిన యొక తిరుగుడు వర్తకునివద్ద ఒక పాడియావు వెల పోసి కొన్న గోమేదికమట యది. "చిటికెడు రాయికే అంత పోశానే, ఇన్ని రాళ్లకు ఎంత రావాల?" అని ఆయన ప్రశ్న.

ఇంతలో ఒక దళారి ఆయనను చేరి, బావిపని నిలిపివేయుమనియు, నాలుగెకరముల పొలమును కుదువబెట్టి యా సొమ్ముతో రాళ్లకొఱకు గోతులు త్రవ్వింపుమనియు బోధించుచుండెను. కుదువపత్రము వ్రాయుటకు నాలుగు దినములే గడువున్నది. ఆయన లెక్కలో తప్పులేదు. ఆ లెక్కకు మూలమైన మాటలలో తప్పున్నది. నాడు నేనాయనకు చెప్పిన సమాధానమే నేటి నా ప్రసంగము. ఇట్టి మూటయు, ఇట్టి యుంగరమును మీ గ్రామములలోను ఉండవచ్చును గనుక, మీకును విన్నవించుట మంచిదని తోచినది.

మొదట ఈ రాయి యేమో చెప్పెదను. భూమిపైపొఱలో అన్నిటికంటె నధికముగా నున్న మూలపదార్థములు రెండు: ప్రాణవాయువు, సిలికాన్. ఆ పొఱ బరువులో ఇంచుమించు నాలుగింట మూడుపాళ్లు ఈ రెండే. ఇవి ఇతర లోహములతో కలిసి యేర్పడిన ఖనిజములకు సిలికేటులని పేరు. మన ప్రాంతపు అభ్రకము సిలికేటు. కుండలుచేయు బంకమన్ను సిలికేటు. గుడిమెట్లకు వాడు నల్లరాతిలోని గింజలలో పెక్కు సిలికేటులే. రైతుగారు తెచ్చిన ఎఱ్ఱరాయియు అట్టిదే. దానిని ఇంగ్లీషువారు గార్నెట్ అందురు. దానిమ్మపండునకు లాటిను భాషలో నున్న పేరునుండి యా మాట వచ్చినది. దానిమ్మగింజల కుప్పను చూచినవారికి ఈ పేరెంత తగియున్నదో వేఱుగ చెప్పనక్కఱలేదు.

నవరత్నములన్నియు నొక్కజాతివి కావు. వజ్రము శుద్ధమైన కర్బనము. కెంపు, నీలము అనునవి అల్యూమినియము, ప్రాణవాయువుల కలయికలు. వైడూర్యమను పిల్లికంటిరాతిలో బెరీలియము, అల్యూమినియము, ప్రాణవాయువు కలవు. ముత్యమును పగడమును సముద్రజీవులు సమకూర్చిన సున్నపు పదార్థములు. తక్కిన పచ్చ, పుష్యరాగము, గోమేదికము అను మూడును సిలికేటులు. అయితే నేడు అంగళ్లలో పుష్యరాగమను పేర పసుపువన్నె నీలమును అమ్ముట తఱుచు. మన ప్రకృతమునకు గోమేదికము చాలును. అది గార్నెట్ కుటుంబములోని యొక తెగ.

ఈ కుటుంబమున అన్నదమ్ములు పెక్కుమంది కలరు. అందఱి కట్టడమును ఒక్కటే. కలిసిన లోహములు మాత్రము వేఱు. ఇనుము, అల్యూమినియము కలిసిన రాయి ముదురెఱుపు. దానికి అల్మండైన్ అని పేరు. మాంగనీసు కలిసినది నారింజవన్నె. మెగ్నీషియము కలిసినది నెత్తురెఱుపు. ఇనుమునకు మాఱుగా సున్నపులోహమగు కాల్షియము చేరి, తేనెవన్నెకో దాల్చినచెక్క వన్నెకో వచ్చిన దానిని హెస్సొనైట్ అందురు. రత్నవర్తకులు గోమేదికమని యమ్మునది ఇదియే. మన నెల్లూరు సీమలో నేలలో దొరకునది ఎఱ్ఱన్న. ఉంగరములో పొదుగునది తేనెవన్నె తమ్ముడు. రెండును ఒక్కింటివే యైనను, వర్తకుని పట్టీలో ఒకదాని పేరు మఱియొకదానికి చెల్లదు. రైతుగారి లెక్కలో మొదటి తప్పు ఇచ్చటనే యున్నది.

మన నేలలోనికి ఈ రాయి యెట్లు వచ్చెను? నూఱుకోట్ల సంవత్సరములకు మించిన పూర్వకాలమున నీటియడుగున పేరుకొన్న బురద, క్రమముగా భూగర్భమున లోతునకు దిగి, అచ్చటి వేడిమికిని ఒత్తిడికిని లోనై, పొరలుపొరలుగా విడివడు అభ్రకపు రాయిగా మాఱెను. ఆ మార్పులో బురదయందలి ఇనుము, అల్యూమినియము, సిలికాన్ ఒకచోటికి చేరి, గుండ్రని గింజలవలె గట్టిపడినవి. ఆ గింజలే ఈ రాళ్లు. చెక్కుచెదరని గింజను పరికించి చూచినచో 12 ముఖములో, 24 ముఖములో, ఎవరో సానపట్టినట్లు తీరుగా నుండును. చేతిపని యనుకొని భ్రమపడినవారు కలరు. అది ప్రకృతిసిద్ధమైన యాకారము.

ఇట్టి రాతిపట్టీ మన ప్రాంతమున పెన్నకు ఉభయపార్శ్వములను కలదు. భూగర్భశాస్త్రజ్ఞులు దానికి నెల్లూరి పేరే పెట్టిరి. గూడూరు, సైదాపురము, రాపూరు ప్రాంతములలో 19వ శతాబ్ది చివరి దశకములనుండి త్రవ్విన అభ్రకపు గనులన్నియు నీ పట్టీలోనివే. నెల్లూరి అభ్రకము లేతయాకుపచ్చ చాయకు పేరొందినది. ఆ గనులలో అభ్రకపు పుస్తకములతోబాటు పలుగురాయి, బెరిల్, టూర్మలిన్, గార్నెట్ మున్నగునవి కానవచ్చును. అభ్రకమునకు వెల యుండెను. ఎఱ్ఱరాయి తఱుచుగా రాతిదిబ్బల పాలయ్యెను. గనిలో పనిచేసిన ముదుసలులెవరైన మీ గ్రామమున నున్నచో అడుగుడు. ఈ రాతి ముఖము వారెఱిగినదే.

ఎండకు, వానకు ఆ రాయి చివికి మన్నైనప్పుడు, అభ్రకము రేకులై చెదరును. గార్నెట్ గింజ గట్టిది గావున చెదరదు. వాన దానిని వాగులోనికి, వాగు పెన్నలోనికిని కండలేటిలోనికిని, ఏఱు సముద్రములోనికి చేర్చును. సముద్రము దానిని త్రోవనేగాని తనలో నుంచుకొనదు. అలలతో ఒడ్డున పడవేయును. ఒడ్డుననున్న తెల్లయిసుక రేణువు తనతో సమానమైన నీటికంటె రెండుమ్మడి ఆఱుపాళ్లు బరువు. గార్నెట్ రేణువు ఇంచుమించు నాలుగు రెట్లు బరువు. అల వెనుకకు మరలునపుడు తేలికదానిని ఈడ్చుకొనిపోయి బరువుదానిని విడిచిపోవును. మన స్త్రీలు చేటలో బియ్యమును చెఱిగి రాళ్లు వేఱుచేయు విధమిదియే. గాలివాన వెలిసిన మఱునాడు కడలియొడ్డున నలుపు, ఎఱుపు కలిసిన చాఱలు కనబడుటకు కారణమిది. ఆ నలుపు ఇనుపజాతి ఖనిజములది, ఎఱుపు గార్నెట్‌ది.

"అట్లయిన సముద్రపుటొడ్డంతయు రత్నరాశియే గదా" యని యెవరైన అడుగవచ్చును. ఖనిజము వేఱు, రత్నము వేఱు. ఒక గింజ రత్నమగుటకు దానిలోనుండి వెలుతురు దూఱవలెను. బీటలుండరాదు. లోపల ఇతర ఖనిజపు చుక్కలు క్రిక్కిఱిసియుండరాదు. సానపట్టిన పిమ్మట కంటికానునంత మిగులవలెను. వన్నె నల్లబడునంత ముదురుగా నుండరాదు. అభ్రకపు రాతిలో పెరిగిన గింజ, తన చుట్టునున్న పలుగురాతి తునకలను, అభ్రకపు రేకులను మ్రింగుచునే పెరుగును. నిమ్మకాయంత రాయి చూచుటకు ఘనము. లోపలచూడ దాని నిండ బీటలే. అందుచేత ఈ రాతి విషయమున పెద్దది మేలనుట చెల్లదు. కుంచెడు రాళ్లలో కందిగింజంత స్వచ్ఛమైన భాగము దొరకుటయు అరుదు.

రత్నము కాని గార్నెట్ వ్యర్థమా యనిన, కాదు. ఇది ఉక్కుకత్తికి లొంగనిది, గాజును గీయునది. విఱిగినచోట పదునైన అంచులు వచ్చును. కావున గరుకుకాగితము చేయుటకును, ఓడల యినుపరేకులపై తుప్పు రాల్చుటకును, నీటిధారతో కలిపి లోహములను కోయుటకును దీనిని వాడుదురు. ఆ పనులకు బండ్లకొలది కావలెను. వెల బరువునుబట్టియేగాని కాంతినిబట్టి కాదు. ఇట్టి పనికొఱకు తీరపుటిసుకను అడుగువారు కోస్తా గ్రామములకు రావచ్చును. ప్రభుత్వపు అనుమతిలేక ఖనిజమును తీయుట నేరము. అంతకంటెను తీరవాసులు తలపోయవలసిన దొకటి కలదు. 1984 నవంబరులో శ్రీహరికోట సమీపమునను, 1989 నవంబరులో కావలి సమీపమునను తుపానులు తీరము దాటినవి. అట్టి దినములలో అలకును ఊరికిని నడుమ నిలుచునది ఇసుకతిన్నె. దానిని అమ్ముకొనుటకు ముందు గ్రామపెద్దలు నాలుగుమాఱు లాలోచింపవలెను.

ఇక రత్నమునకు యోగ్యమైన రాతి సంగతి. మన తెలుగునేలకు ఈ వర్తకమున చాల ప్రాచీనమైన చరిత్ర కలదు. తెలంగాణములో, నేటి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో గరీబుపేట యను గ్రామము కలదు. అచ్చటి కొండనుండియు, కొండయడుగున పేరుకొన్న గులకమంటినుండియు అల్మండైన్ రాళ్లను పూర్వులు ఏరిరి. పుదుచ్చేరికి దక్షిణముననున్న అరికమేడు రోమనులతో వర్తకము చేసిన రేవుపట్టణము. అచ్చట 1945లో మార్టిమర్ వీలరను పురావస్తుశాస్త్రజ్ఞుడు త్రవ్వకములు జరిపించెను. ఆ పట్టణమున రాతిపూసలు చేయు పని ముమ్మరముగా సాగినట్లు ఆనవాళ్లు దొరకినవి. ఎఱ్ఱని గార్నెట్ పూసలును, సగముచేసి విడిచిన తునకలును వానిలోనివి.

ఆ రాళ్లు ఎచ్చటివి? శాస్త్రజ్ఞులు అరికమేటి రాళ్లను గరీబుపేట రాళ్లతో పోల్చిచూచి, 2017లో తమ నిర్ణయమును ప్రకటించిరి. రాతిలోపల ఇమిడియున్న వెండ్రుకవంటి సన్నని సిల్లిమనైటు పోగులు, నడుమనుండి అంచువఱకు మాఱుచు వచ్చు లోహముల పాళ్లు, ఈ రెండును రెండుచోట్లను సరిపోయినవి. దూడ ఏ యావుదో ముఖపు మచ్చనుబట్టి మీరు చెప్పునట్లు, వారు రాతి లోపలి మచ్చలనుబట్టి దాని పుట్టినిల్లు చెప్పిరి. కొత్తగూడెము ప్రాంతమునుండి పుదుచ్చేరికి నేలమీదనైనను నీటిమీదనైనను పోవు సహజమార్గము మన కోస్తావెంబడి దక్షిణముగా సాగునదియే.

రోమను వర్తకుల జాడ మన జిల్లాలోను లేకపోలేదు. 1786 ప్రాంతమున నెల్లూరికి సమీపమున ఒక రైతు దున్నుచుండగా నాగలికి ఒక చిన్న గుడి యానవాళ్లు తగిలి, వానిలో ఒక కుండ దొరకినది. దానినిండ రోమను బంగారునాణెములు. ట్రేజను, హేడ్రియను చక్రవర్తులవియు, ఫాస్టినా రాణిదియు ముద్రలు వానిపై నుండెను. ఆ నాణెములు ఎఱ్ఱరాళ్లకు వచ్చిన వెలయే యని నేననను. కాని రోమునుండి బంగారము ఈ తీరమునకు వచ్చిన దనుటకు మాత్రము అవి సాక్ష్యము. రోమను పండితుడు ప్లినీ తన గ్రంథమున నిప్పుకణికవంటి యెఱ్ఱరాళ్లను వర్ణించుచు, భారతదేశపు రాళ్లను పేర్కొనియున్నాడు. అటుపిమ్మట 5వ, 6వ శతాబ్దులలో ఐరోపాఖండపు రాజులు తమ కత్తిపిడులను, పతకములను పలుచని యెఱ్ఱరేకులతో పొదిగించుకొనిరి. 1653లో బెల్జియమునందలి టూర్నే పట్టణమున బయల్పడిన చిల్డెరికు రాజు సమాధిలోని ఖడ్గము అట్టిదే. ఆ కాలపు గార్నెట్‌లలో పెక్కు భారతదేశమునుండి పోయినవని నేటి పరీక్షలు తేల్చినవి.

ఈ కథను నేను గొప్పకొఱకు చెప్పుటలేదు. ఇందొక సంగతి గమనింపవలెను. గరీబుపేట కొండరాయి కొండదగ్గఱనే యుండినచో రాయియే. ఏరినవా డొకడు, మంచిచెడ్డలు విడదీసినవాడు మఱియొకడు, పగులగొట్టి, బెజ్జముచేసి, నునుపుచేసినవాడు వేఱొకడు. వీరి చేతులమీదుగా పోయిన పిమ్మటనే రాజుల యొరలకు ఎక్కినది. సాన త్రిప్పు శిల్పికి ఈ రాతి గుణము తెలియును. ఇది మిక్కిలి ముదురువన్నె గలదైన, మీదిభాగము ఉబ్బుగా నునుపుచేసి, క్రిందిభాగమును దొప్పవలె తొలుచును; అపుడు రాయి పలుచనై వెలుతురు దూఱి, నల్లగా నున్నది నిప్పువలె వెలుగును. ఆ నేర్పునకును, ఆ యేఱివేతకును చెల్లించునదే వెలలో పెద్దభాగము. నేడును మనదేశమున జయపురము ఇట్టి పనికి కేంద్రము.

ఇపుడు ఉంగరపు గోమేదికమునకు వత్తము. ఈ పేరు మనకు ప్రాచీనమైనది. 6వ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహత్సంహితలో చెప్పిన 22 రత్నముల పట్టీలో గోమేదకమును కలదు. నవగ్రహములలో రాహువునకు దీనిని నిర్ణయించుట సంప్రదాయము. ఆ విశ్వాసమును గూర్చి వాదించుటకు నేను పూనుకొనను. ఒక్కమాట మాత్రము విన్నవింతును. రత్నములను ధరింపుమని చెప్పిన మన పూర్వులే రత్నపరీక్ష యను శాస్త్రమునుగూడ వ్రాసిరి. గరుడపురాణమున సైతము రత్నపరీక్షకు అధ్యాయములున్నవి. పరీక్షింపక ధరింపుమని వారెవరును చెప్పలేదు. మొదటిమాట విని రెండవమాట విడిచినవారినే మోసగాండ్రు వెదకికొనుచుందురు.

మంచి హెస్సొనైట్ అధికముగా సింహళమునుండి వచ్చును. మన యోఢ్రదేశమునను దొరకును. జర్కాన్ అను వేఱొక సిలికేటునుగూడ కొందఱు గోమేదికమందురు. అదియు సహజమైన రాయియే. అసలు భయము గాజుతో. తేనెవన్నె గాజు పోతపోయుట సులభము, ఖర్చు స్వల్పము. దానిని సానపట్టి వెండిలో పొదిగినచో సామాన్యుని కన్ను పట్టజాలదు. మఱియొకమాట: కెంపు, పచ్చలతో పోల్చిన గోమేదికపు వెల చాల తక్కువ. పాడియావు వెల చెప్పినపుడే సందేహింపవలసియుండెను.

పరీక్ష యెట్లు? పాలలో వేసిన పాలరంగు మాఱుననియు, దీపపు వేడికి పెట్టిన చాలుననియు చెప్పు మాటలు నమ్మదగినవి కావు. మొదటిది, పెద్దగా చూపు భూతద్దముతో లోపలికి చూడుడు. గాజులో గుండ్రని గాలిబుడగలు తఱుచుగా నుండును. సహజమైన హెస్సొనైట్‌లో బుడగలుండవు; నీటిలో తేనెచుక్క కరగునపుడు కానవచ్చు తీగలవంటివి కదలాడును. రెండవది, తూకము. గ్రీకుపండితుడు ఆర్కిమిడీసు చెప్పిన సూత్రము దీనికాధారము. సన్ననిత్రాసు గల కంసాలివద్ద, పొదుగునుండి విడిపించిన రాతిని మొదట గాలిలో తూచి, పిమ్మట సన్ననిదారమున వ్రేలాడదీసి నీటిలో ముంచి తూచవలెను. గాలిలో 100 పాళ్లు తూగు హెస్సొనైట్ నీటిలో 27 పాళ్ల వఱకు తగ్గును. ఎఱ్ఱని అల్మండైన్ 24, 25 పాళ్లు తగ్గును. మామూలుగాజు 40 పాళ్లు తగ్గును. సీసము కలిపిన గాజు ఇంకను బరువైయుండి మోసగింపవచ్చును గనుక, వెల పెద్దదైనపుడు రత్నపరీక్షాలయపు పత్రము లేక కొనరాదు. గీచి చూచు పరీక్ష మాత్రము వలదు; అసలురాయి యైనను దాని యంచు చెడును.

నాడు మేమిట్లే చేసితిమి. నేనును రైతుగారును కలిసి మాకు తెలిసిన కంసాలియింటికి పోతిమి. ఆచారిగారు పొదుగు విప్పి తేనెరంగు రాతిని వెలికితీసిరి. త్రాసు రైతుగారికే యిచ్చితిమి. తన కంటితో చూచినదానిని మనుష్యుడు నమ్మును గదా. గాలిలో నూఱుపాళ్లు తూగిన యా రాయి నీటిలో అఱువదియే తూగినది. ఆయన మారుమాటాడక మఱల తూచిరి. మఱల నరువదియే. పిమ్మట మూటలోని ఎఱ్ఱతునక నొకదానిని దారమున కట్టి తూచిరి. అది నూటికి ఇరువదియైదు పాళ్లు మాత్రమే తగ్గినది.

ఆయన కొంతసేపు త్రాసువంకనే చూచుచుండి, "అయితే బాబూ, యేలికి పెట్టుకున్నది గాజుపూస, పంచెలో కట్టుకొచ్చింది అసలురాయి, అంతేనా?" అనిరి. "అంతే పెద్దయ్యా. కాని అసలురాయి యైనంతమాత్రమున అది ధనము కాదు" అని, ఇంతవఱకు మీకు చెప్పినదంతయు ఆయనకు చెప్పితిని. ఆ సోలెడు రాళ్లను పగటివెలుతురున ఒక్కొక్కటిగా పట్టిచూచితిమి. నాలుగు చిన్నతునకలలో వెలుతురు దూఱినది. వానిలో సానకు రెండు విఱుగునని ఆచారిగారు చెప్పిరి, విఱిగినవి మూడు. మిగిలిన దొకటి కందిగింజంత, దానిమ్మగింజ వన్నె. దానికైన సానకూలి, అంగడిలో దాని వెలకంటె నెక్కువ. రైతుగారు నవ్వి, కూలి చెల్లించి, దానిని మనుమరాలి యుంగరమునకు ఇచ్చివేసిరి.

కుదువపత్రము వ్రాయలేదు. బావిపని మఱల మొదలుపెట్టించిరి. ఆ రాతిపొఱకు క్రిందుగా మఱి రెండు నిలువులు దిగగా నీరు పడినది. పెండ్లి మఱుసటియేటి వేరుసెనగ పంటమీద, కొంత అప్పుమీద జరిగినది. పాడియావు వెల మాత్రము పోయినది పోయినదే. ఆ వర్తకుడు మఱల ఆ యూరికి రాలేదు.

పెద్దలారా, మీ గ్రామములో ఎవరికైన ఇట్టి రాళ్లు దొరకినపుడు మొదట మీ సలహాకే వత్తురు. అపుడు వారికి మూడుమాటలు చెప్పుడు. రాతికొఱకు నేలను కుదువబెట్టవలదు. ఊరూరు తిరుగు వర్తకుని నోటిమాటపై రత్నము కొనవలదు. సందేహము కలిగినచో కంసాలిత్రాసును, చెంబెడు నీళ్లను అడుగవలెను. అవి ఎవరి మొగమాటమునకును లోబడవు. మీ పిల్లలు కడలియొడ్డున ఎఱ్ఱని యిసుకచాఱను చూచి ఇదేమని యడిగినచో, అది గోమేదికపు అన్నయనియు, పడమటి గుట్టలనుండి పెన్నవెంబడి నడచివచ్చిన దనియు చెప్పుడు. విని సంతోషింతురు.